చల్లగా ఉన్న చక్రంలోనే లోపం: సుంకి ఘాట్‌లో బ్రేకులు వేడెక్కిన లారీ కేసు

ఘాట్ దిగే లారీకి ఒక చక్రం నుంచి పొగ వస్తే అందరూ ఆ చక్రం దగ్గరకే పరుగెడతారు. డ్రైవరు, క్లీనరు, రోడ్డు పక్క మెకానిక్, చివరికి ఫోన్‌లో ఉన్న ఓనరు కూడా "ఆ చక్రం పట్టేసింది, విప్పి లైనర్లు మార్చేయండి" అంటారు. ఈ కేసులోనూ అదే జరగబోయింది. బాగా వేడెక్కిన రెండు చక్రాల్లో మాత్రం అసలు లోపమే లేదు. మిగతా చక్రాలు చేయాల్సిన పనిని కూడా అవే మోసి కాలిపోయాయి. లోపం ఉన్న చక్రం చల్లగా, ఎవరికీ అనుమానం రాకుండా వెనక ఉంది.

పార్వతీపురం మన్యం జిల్లా సాలూరులో లారీల బ్రేకు పని చూస్తుంటాను. మా ఊరికి ఇంత లారీ పరిశ్రమ ఉన్నా, నెత్తి మీదే ఘాట్ ఉన్నా, బ్రేకులను కొలిచి చూసే అలవాటు మాత్రం ఇంకా రాలేదు. చెవితో విని, కాలితో తొక్కి, "బాగానే ఉంది" అని పంపేస్తున్నాం. అందుకే ఈ కేసును కొలతలతో సహా రాస్తున్నాను.

బండి, సరుకు

పది టైర్ల లారీ. ముందు ఒక యాక్సిల్, వెనక రెండు. ఆరేళ్ల బండి, బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాకముందుది. బ్రేకులు గాలివి, డ్రమ్ములవి: తొక్కితే గాలి ఛాంబర్‌లోకి వెళ్లి రాడ్‌ను తోస్తుంది, రాడ్ కామ్ షాఫ్ట్‌ను తిప్పుతుంది, అది లైనర్లను (రాపిడితో పట్టే మెత్తలను) చక్రంతో తిరిగే డ్రమ్ముకు నొక్కుతుంది. లైనర్ అరిగిన కొద్దీ బ్రేకును బిగించే స్లాక్ అడ్జస్టర్లు ఆటోమేటిక్. ఒడిశాలోని నబరంగ్‌పూర్ నుంచి మొక్కజొన్న వేసుకుని గోదావరి జిల్లాలోని ఒక కోళ్ల దాణా ఫ్యాక్టరీకి వెళ్తోంది. కాటా చీటీ చూశాను, ఓవర్‌లోడ్ లేదు. ఈ తరగతి బండికి 2018లో సవరించిన పరిమితి బండి బరువుతో కలిపి 28.5 టన్నులు, దానికి కాస్త తక్కువే ఉంది. ఫిట్‌నెస్‌కు కూడా గడువు ఉంది. అయితే ఎనిమిదేళ్లలోపు లారీకి ఫిట్‌నెస్ రెండేళ్లకోసారే. ఆ రెండేళ్ల మధ్య బ్రేకుల్లో ఏం జరుగుతుందో చూడాల్సింది మనమే.

కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయని చెప్పడానికి ఒక కారణం ఉంది. ఘాట్‌లో బ్రేకులు ఫెయిలయ్యాయనగానే ఓవర్‌లోడ్ అనో, డ్రైవర్ తాగాడనో తేల్చేయడం మనకు అలవాటు. ఇక్కడ ఆ రెండూ లేవు.

ఘాట్‌లో ఏం జరిగింది

కోరాపుట్, పొట్టంగి దాటి సుంకి నుంచి పి.కోనవలస వైపు దిగే దారి, పాత 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 26. వరుసగా మలుపులు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. డ్రైవర్ ఐదో గేరులో దిగడం మొదలుపెట్టాడు. ఓనరు ఫోన్‌లో ఉన్న జీపీఎస్ రికార్డు చూస్తే మొదటి కిలోమీటర్లలో స్పీడు 45 నుంచి 50 మధ్య ఉంది. ఆ లోడుతో ఆ దారికి అది ఎక్కువ.

ఐదో గేరులో ఇంజిన్ పెద్దగా పట్టదు. కాబట్టి బండిని ఆపే భారమంతా కాలి బ్రేకు మీదే పడింది. మధ్యలో లైనర్ కాలిన వాసన వచ్చింది. ఎదురుగా బస్సో లారీయో వస్తున్నప్పుడు ఆ వాసన తనదా, వాళ్లదా అని తేల్చుకోవడం కష్టం. మరో రెండు మలుపులు దాటాక క్లీనర్ అద్దంలో మధ్య యాక్సిల్ ఎడమ చక్రం దగ్గర పొగ చూశాడు. అప్పటికి బండి ఎడమకు కొంచెం లాగుతోంది కూడా.

డ్రైవర్ నాతో అన్న మాట: "గాలి ముల్లు నిండుగానే ఉందన్నా. పైన సగం తొక్కితే నిలబడ్డ బండి, కిందకొచ్చేసరికి ముప్పావు తొక్కినా నిలబడట్లేదు."

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. కారులోనో ఆటోలోనో బ్రేకు చెడితే పెడల్ లోపలికి దిగిపోతుంది, మెత్తబడుతుంది, కాలికి తెలుస్తుంది. గాలి బ్రేకులో పెడల్ అలా చెప్పదు. తొక్కిన లోతును బట్టి ట్యాంకు నుంచి ఎంత గాలి పంపాలో అంత పంపే వాల్వు అది. ఛాంబర్లలోకి గాలి వెళ్లాక అక్కడ లైనర్ డ్రమ్మును పట్టిందో లేదో దానికి తెలియదు. కాబట్టి డ్రైవర్‌కు దొరికే గుర్తు ఒక్కటే: అంతే ఆగడానికి అంతకుముందు కంటే ఎక్కువ తొక్కాల్సి రావడం. ఈ డ్రైవర్ దాన్ని గమనించాడు. పట్టు పూర్తిగా పోకముందే, కొండ వైపు వెడల్పుగా ఉన్న చోట గట్టిగా ఒకేసారి తొక్కి ఆపేశాడు. అది అతని అనుభవం, తెలివి. అక్కడ ఆపకుండా "ఇంకో మూడు మలుపులే కదా" అనుకుని ఉంటే ఈ కేసు ఇంకోలా రాయాల్సి వచ్చేది.

ఆపాక కూడా మంచి పనులే చేశాడు. గేరులో పెట్టి, చక్రాల కింద అడ్డు దిమ్మలు వేశాడు. ఒక్క పార్కింగ్ బ్రేకునే నమ్ముకోలేదు, ఎందుకంటే స్ప్రింగ్ బలంతో పట్టే ఆ బ్రేకు పట్టు కూడా వేడెక్కిన డ్రమ్ము మీద తగ్గుతుంది. క్లీనర్ నీళ్ల డబ్బా తీస్తే వద్దన్నాడు. ఎర్రగా కాలిన డ్రమ్ము మీద నీళ్లు పోస్తే చిట్లుతుంది. అంత వేడి రిమ్ము మీదున్న టైరు పేలే ప్రమాదమూ ఉంది కాబట్టి దాని పక్కన ఎవరూ నిలబడకూడదు.

ఆ వేడి ఎంత

నిండు లోడుతో ఉన్న ఈ లారీ నిలువుగా 100 మీటర్లు కిందకు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 28 మెగాజౌళ్లు. 95 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి అంత శక్తి కావాలి. సుంకి నుంచి కిందకు దిగడమంటే అలాంటి వంద మీటర్లు ఎన్నో దిగడం. ఇందులో గాలి, టైర్ల రాపిడి తీసుకునేది కొద్దిగానే. మిగిలింది ఇంజిన్ తీసుకోవాలి, లేకపోతే డ్రమ్ములు తీసుకోవాలి. ఇంజిన్ తీసుకున్నది రేడియేటర్, సైలెన్సర్ గుండా బయటకు పోతూ ఉంటుంది. డ్రమ్ముల్లోకి వెళ్లింది అక్కడే పేరుకుంటుంది, ఎందుకంటే రెండు మలుపుల మధ్య చల్లారే టైము ఉండదు.

డ్రమ్ము వేడెక్కితే రెండు జరుగుతాయి. ఒకటి, లైనర్ పట్టు తగ్గుతుంది. రెండోది చాలామందికి తెలియదు: డ్రమ్ము ఉబ్బి లైనర్ నుంచి దూరంగా జరుగుతుంది. 410 మి.మీ. వ్యాసం ఉన్న డ్రమ్ము 300 డిగ్రీలు వేడెక్కితే వ్యాసంలో 1.3 మి.మీ. పైనే పెరుగుతుంది. చిన్నదే అనిపిస్తుంది. కానీ ఆ ఖాళీని పూడ్చడానికి ఛాంబర్ రాడ్ దగ్గర దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ప్రయాణం కావాలి.

కొలతలు

ఫోన్ రాగానే టెంపరేచర్ గన్, టేపు, చాక్‌పీసు పట్టుకుని పైకి వెళ్లాను. నేను వెళ్లేసరికి బండి ఆగి అరగంట దాటింది, వేడి కొంత తగ్గింది. అయినా తేడా స్పష్టంగా కనిపించింది. డ్రమ్ముల దగ్గర రీడింగులు ఇవి: ముందు ఎడమ 95 డిగ్రీలు, కుడి 92. మధ్య యాక్సిల్ ఎడమ 238, కుడి 226. చివరి యాక్సిల్ ఎడమ 71, కుడి 148.

క్లీనర్ అప్పటికే మధ్య ఎడమ చక్రం విప్పడానికి స్పానర్లు తీసి పెట్టాడు. వద్దు, చివరి ఎడమ చక్రం చూద్దాం అన్నాను. "అది చల్లగానే ఉంది కదన్నా, దానికేమీ కాలేదు" అన్నాడు. ఇంత ఘాట్ దిగాక చక్రం చల్లగా ఉందంటే అది పని చేయలేదని అర్థం. దిగువ నుంచి పైకి వస్తున్న లారీ అయితే చల్లదనం మంచిది. పై నుంచి దిగిన లారీలో పక్క చక్రాలతో పోలిస్తే మరీ చల్లగా ఉన్నదాన్నే ముందు అనుమానించాలి.

బాగా చల్లారాక మెల్లగా మొదటి గేరులో సాలూరు దింపించి, షెడ్డులో అసలు కొలత తీశాం. విధానం చాలా సులువు. సమతలం మీద దిమ్మలు వేసి, పార్కింగ్ బ్రేకు వదిలేయాలి. ఛాంబర్ నుంచి బయటకు వచ్చే రాడ్ మీద, ఛాంబర్ అంచు దగ్గర చాక్‌తో గీత గీయాలి. గాలి ఒత్తిడి 6 కేజీల (చదరపు సెంటీమీటరుకు) దగ్గర ఉంచి, ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే రెండోవారు ఆ గీత ఎంత బయటకు వచ్చిందో టేపుతో కొలవాలి. ఒక్కో చక్రానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

మధ్య యాక్సిల్ ఎడమ 40 మి.మీ., కుడి 42. చివరి యాక్సిల్ ఎడమ 61, కుడి 54.

ఈ బండి వెనక యాక్సిళ్లకు ఉన్నవి 30 టైపు ఛాంబర్లు. అందులో రాడ్ మొత్తం వెళ్లగలిగేదే 64 మి.మీ. 51 దాటితే సర్దుబాటు తప్పినట్టే అని అమెరికాలో రోడ్డు తనిఖీల్లో లెక్కిస్తారు. నేనూ అదే హద్దు పెట్టుకున్నాను. హద్దు దాటిన కొద్దీ రాడ్ తోసే బలం బాగా పడిపోతుంది. పూర్తిగా చివరికి వచ్చాక డయాఫ్రమ్ (రాడ్‌ను తోసే రబ్బరు పొర) ఛాంబర్ గోడకు ఆనుకుని ఆగిపోతుంది, ఎంత గాలి ఇచ్చినా లైనర్ మీద బరువు పడదు. చివరి ఎడమ చక్రం చల్లగా, షెడ్డులో నిలబడి ఉన్నప్పుడే 61 దగ్గర ఉంది. డ్రమ్ము ఉబ్బడానికి దాని దగ్గర మిగిలింది 3 మి.మీ. ఘాట్‌లో అది దాదాపు అలంకారానికే ఉంది.

ఆటోమేటిక్ అయితే ఎందుకు వదులైంది

లైనర్ అరిగిన కొద్దీ దానంతట అదే బిగించుకోవడమే ఆటో స్లాక్ అడ్జస్టర్ పని. దానికి ఒక చిన్న కంట్రోల్ ఆర్మ్ ఉంటుంది, యాక్సిల్‌కు బిగించిన బ్రాకెట్‌లో కదలకుండా కూర్చోవాలి. ఆ స్థిరమైన బిందువుతో పోల్చుకునే అడ్జస్టర్ తన ప్రయాణాన్ని లెక్కిస్తుంది. ఈ బండిలో ఆ బ్రాకెట్ వంగి, ఒక బోల్టు ఊడిపోయి ఉంది. ఎప్పుడో టైరు పేలినప్పుడు రబ్బరు పట్టీ కొట్టి వంగి ఉంటుందని నా అంచనా. ఆర్మ్ ఊగుతుంటే అడ్జస్టర్ బిగించుకోలేదు. దానికి తోడు కామ్ షాఫ్ట్ బుష్ అరిగి ఆడుతోంది.

ఓనరు దగ్గర బిల్లులు అడిగి చూశాను. గత కొన్ని నెలల్లో దారిలో రెండు చోట్ల "బ్రేక్ సెట్టింగ్" పేరుతో డబ్బులు కట్టారు. అంటే ఎవరో స్పానర్ పెట్టి ఆటో అడ్జస్టర్‌ను చేత్తో బిగించారు. వెంటనే బ్రేకు బాగా పట్టింది, డ్రైవర్ సంతోషించాడు, కొన్ని వేల కిలోమీటర్లలో మళ్లీ వదులైంది. ఈ అలవాటు గురించి నాకు చాలా బాధ ఉంది. ఆటో అడ్జస్టర్‌ను చేత్తో బిగించాల్సి వచ్చిందంటే, బ్రాకెటో, బుష్షో, అడ్జస్టరో ఏదో పోయిందని అది చెబుతోంది. బిగించి పంపడం ఆ మాట వినిపించకుండా చేయడమే. 2003లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని గ్లెన్ రాక్ దగ్గర జరిగిన డంప్ ట్రక్ ప్రమాదాన్ని అక్కడి రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేసినప్పుడు ఇదే పద్ధతిని ఎత్తి చూపింది. మన దగ్గర రోడ్డు పక్క షాపుల్లో ఇప్పటికీ రోజూ జరుగుతోంది.

చివరి కుడి చక్రం సంగతి వేరు. అక్కడ చక్రం మధ్యలోని గ్రీజును ఆపే హబ్ సీల్ లీకై లైనర్ మీదకు గ్రీజు చేరింది. లైనర్ నల్లగా నిగనిగలాడుతోంది. రాడ్ 54 దాకా వెళ్లి తోసినా గ్రీజు మీద జారుతోంది.

ఎగ్జాస్ట్ బ్రేకు

అసలు ఇంజిన్ తీసుకోవాల్సిన భారం ఎందుకు తీసుకోలేదని చూస్తే, ఎగ్జాస్ట్ బ్రేకు (సైలెన్సర్ దారిని మూసి ఇంజిన్‌తోనే బండిని నెమ్మదింపజేసేది) పని చేయడం లేదు. సైలెన్సర్ దారిలోని ఫ్లాప్ మసి పట్టి బిగుసుకుపోయింది. దానికి వెళ్లే గాలి పైపు లీకవుతోందని ఎవరో బోల్టు కొట్టి మూసేశారు. డ్రైవర్‌కు తెలుసు. ఓనరుకు తెలియదు. "చెబితే బండి రెండు రోజులు నిలబడుతుంది, నా జీతం పోతుంది" అన్నాడు డ్రైవర్. ట్రిప్పు లెక్కన జీతం ఇచ్చే చోట ఇది డ్రైవర్ ఒక్కడి తప్పు అని నేను అనలేను. షెడ్డులో ఉన్న రోజులకు భత్యం ఇస్తే ఇలాంటివి వాళ్లే వచ్చి చెబుతారు, ఓనరుతో కూడా అదే చెప్పాను.

గేజీ ఏం చూపించింది

దిగినంతసేపూ గాలి గేజీ 7.5 నుంచి 8 కేజీల మధ్యే ఉంది. వార్నింగ్ లైటు వెలగలేదు, బజర్ మోగలేదు. గేజీ అబద్ధం చెప్పలేదు. ట్యాంకులో గాలి నిజంగానే ఉంది. ట్యాంకులో ఉన్న గాలిని మాత్రమే అది చూపిస్తుంది. రాడ్ ఎంత దూరం వెళ్తోందో, లైనర్ మీద గ్రీజు ఉందో, డ్రమ్ము ఎంత కాలిందో డ్యాష్‌బోర్డు మీద ఏ ముల్లూ చూపించదు. మన డ్రైవర్లలో చాలామంది "గాలి ఉంది కాబట్టి బ్రేకు ఉంది" అనే నమ్మకంతోనే ఘాట్ ఎక్కి దిగుతున్నారు.

చేసిన పని

చివరి యాక్సిల్‌కు రెండు వైపులా స్లాక్ అడ్జస్టర్లు, కామ్ బుష్‌లు, లైనర్లు, ఎడమవైపు బ్రాకెట్, కుడివైపు హబ్ సీల్ మార్చాం. ఒక వైపు మాత్రమే మారిస్తే పట్టులో తేడా వచ్చి బండి లాగుతుంది, అందుకే ఎప్పుడూ జతగా. మధ్య యాక్సిల్ డ్రమ్ములు విప్పి చూస్తే లోపల నీలం మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్లు. లేతులో పెట్టి కోయిస్తే సరిపోదా అని ఓనరు అడిగాడు. వేడికి పగిలిన డ్రమ్మును కోస్తే ఇంకా పలచనవుతుంది, అది నేను చేయనన్నాను. రెండూ కొత్తవి వేశాం. ఎగ్జాస్ట్ బ్రేకు ఫ్లాప్ శుభ్రం చేసి, పైపు మార్చి, బటన్ దగ్గర నుంచి చివరి దాకా పరీక్షించాం. ఎయిర్ ట్యాంకుల డ్రెయిన్ తెరిస్తే నూనె కలిసిన నీళ్లు వచ్చాయి. కంప్రెసర్‌ను తర్వాతి సర్వీసులో చూడాలని రాసి పెట్టాం.

తర్వాత రాడ్ కొలతలు వెనక నాలుగు చక్రాలకూ 36 నుంచి 41 మధ్య వచ్చాయి.

తర్వాతి లోడు దింపేటప్పుడు అదే డ్రైవర్ పక్కన కూర్చున్నాను. "ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు" అని పాత డ్రైవర్లు చెబుతారు. పాత బండ్లకు ఆ లెక్క సరిపోయేది. ఇప్పటి ఇంజిన్లు బలమైనవి, నాలుగో గేరులో కూడా ఎక్కేస్తాయి. కాబట్టి దిగేటప్పుడు ఇంకో గేరు తగ్గించాలని నేను చెబుతాను. సుంకి దగ్గర పైనే ఆపి మూడో గేరు వేయించాను. దిగడం మొదలయ్యాక గేరు తగ్గించాలని చూస్తే లోడు బండికి పళ్లు పడవు, న్యూట్రల్‌లో చిక్కుకుంటుంది. డీజిల్ మిగులుతుందని కావాలనే న్యూట్రల్ వేసేవాళ్లకూ ఒక మాట: ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్ గేరులో దిగేటప్పుడు డీజిల్‌ను కట్ చేస్తుంది, న్యూట్రల్‌లోనే ఐడిలింగ్‌కు తాగుతుంది.

ఇంకో మార్పు బ్రేకు తొక్కే తీరులో. ఇతను మొదట్నుంచీ పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి దింపేవాడు. కొంచెం గాలితో తొక్కినప్పుడు బాగా సర్దుబాటు అయి ఉన్న చక్రాలే ముందు పట్టుకుంటాయి, వదులుగా ఉన్నవి అందుకోవు. దాంతో మంచి చక్రాలే కాలిపోతాయి. దానికి బదులు స్పీడు 30కి వస్తే గట్టిగా తొక్కి 22 దాకా తగ్గించి, కాలు పూర్తిగా తీసేయమన్నాను. మధ్యలో ఎగ్జాస్ట్ బ్రేకు పట్టి ఉంచుతుంది. మొదట అతనికి కాస్త టెన్షన్‌గానే అనిపించింది, నాలుగైదు మలుపుల తర్వాత చేయి, కాలు కుదిరాయి.

పి.కోనవలస దగ్గర ఆపి గన్‌తో చూశాం. వెనక నాలుగు చక్రాలు 118, 124, 131, 126. అన్నీ ఒకేలా వేడెక్కాయి, ఏదీ మరీ చల్లగా లేదు.

ఇప్పుడు ఆ ఓనరు బండ్లలో

డ్రైవర్లకు టెంపరేచర్ గన్ ఇచ్చారు, రెండు మూడు వేలలో దొరికేదే. ఘాట్ దిగగానే ఆరు చక్రాల రీడింగులు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఒకే యాక్సిల్ ఎడమ కుడి మధ్య, లేదా వెనక రెండు యాక్సిళ్ల మధ్య 50 డిగ్రీలు దాటి తేడా ఉంటే బండి షెడ్డుకు రావాలి. 50 అనేది నేను అనుభవం మీద పెట్టుకున్న హద్దు, ఏ కంపెనీ పుస్తకంలోనిదీ కాదు. నెలకోసారి చాక్ గీత కొలత తీసి రిజిస్టర్‌లో రాస్తాం. హద్దు దాటితే బిగించం, కారణం వెతుకుతాం. దారిలో ఎవరైనా స్లాక్ అడ్జస్టర్ మీద స్పానర్ పెడితే అది కూడా రాయాలి.

అదే ఓనరుకు చెందిన మిగతా బండ్లను కూడా ఆ వారమే కొలిచాం. ఒకదానిలో చివరి యాక్సిల్ కుడి 56 వచ్చింది, బుష్ పోయింది. ఇంకోదానిలో కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ ఎగ్జాస్ట్ బ్రేకు పైపుకు బోల్టు కొట్టి ఉంది. ఆ రెండూ అంతకు ముందు రోజే సుంకి ఘాట్ దిగి వచ్చాయి.